రా (విదేశీ గూఢచార సంస్థ), ఐబీ (దేశం లోపలి నిఘా సంస్థ)లో టాప్‌కి వెళ్ళినవాళ్ళు అసలు ఎక్కడ మొదలుపెట్టారు? దానికి ఎగ్జామ్ ఏదైనా ఉందా?

ఖమ్మం_కుర్రాడు:
హాయ్ అందరికీ. నేను ఈసీఈ ఫైనల్ ఇయర్. ఈ మధ్య యూట్యూబ్ నిండా ఐబీలో చేసొచ్చిన అజిత్ దోవల్ గారి వీడియోలే వస్తున్నాయి, చూసి చూసి నాకూ ఆ లైన్‌లోకి వెళ్ళాలని గట్టిగా అనిపిస్తోంది. మా నాన్న మాత్రం బ్యాంక్ పీఓ రాయి, ఈ గూఢచారి పిచ్చేంట్రా అంటున్నాడు. నా డౌట్ ఏంటంటే రా చీఫ్, ఐబీ డైరెక్టర్, ఎన్ఎస్ఏ (జాతీయ భద్రతా సలహాదారు) ఇలాంటి కుర్చీల్లో కూర్చున్నవాళ్ళు కెరీర్ ఎక్కడ స్టార్ట్ చేశారు, కింద పోస్టులో చేరినవాడు అక్కడిదాకా వెళ్ళగలడా, రిటైర్ అయ్యాక ఏం చేస్తారు, మన తెలుగు రాష్ట్రాల నుంచి ఎవరైనా వెళ్ళారా. ఇక్కడ ఒక కోచింగ్ సెంటర్ వాళ్ళు "రా ఏజెంట్ ఫౌండేషన్ కోర్స్" అని ఫ్లెక్సీ కూడా కట్టారు, చేరమంటారా? సీరియస్‌గా అడుగుతున్నా, జోకులు వద్దు ప్లీజ్.

చాయ్_బిస్కెట్:
రా లో చేరాలనుకుంటున్నా అని పబ్లిక్‌గా పోస్ట్ పెట్టినప్పుడే నీ కవర్ పోయింది తమ్ముడూ 😂 సారీ, జోకులు వద్దన్నావు కదా. ఆ కోర్సుకి మాత్రం ఒక్క రూపాయి కట్టకు, రా కి అలాంటి ఎంట్రన్స్ లేనే లేదు.

పాత_ఫైలు:
కొంచెం పెద్ద సమాధానం, ఓపిగ్గా చదువు. మా బాబాయి ఐబీలో చేసి రిటైర్ అయ్యాడు కాబట్టి ఇంట్లో విన్నవి కొన్ని, పేపర్లలో పుస్తకాల్లో అందరికీ తెలిసినవి కొన్ని కలిపి చెప్తున్నా.

ముందు టాప్ కుర్చీ సంగతి. ఐబీ డైరెక్టర్ అంటే మొదటినుంచీ పోలీస్ సర్వీస్ వాళ్ళే. 1947లో సంజీవి పిళ్ళై, ఆయన తర్వాత 1950 నుంచి 1964 దాకా మల్లిక్, 2022లో వచ్చిన తపన్ డేకా దాకా అదే వరస. అంటే ఆ కుర్చీకి దారి యూపీఎస్సీ సివిల్స్ రాసి ఐపీఎస్ కొట్టడమే. మన హైదరాబాద్ శివరాంపల్లి అకాడమీలో ట్రైనింగ్ అయి, ఏదో ఒక రాష్ట్రంలో ఏఎస్పీగా ఎస్పీగా కొన్నేళ్ళు స్టేషన్లూ బందోబస్తులూ చూసి, ఆ తర్వాత డిప్యుటేషన్ మీద ఢిల్లీ వెళ్తారు. అక్కడ కొందరు డిప్యుటేషన్ అయిపోయాక వెనక్కి వచ్చేస్తారు, కొందరు ఇక రాష్ట్రం మొహం చూడకుండా సర్వీసంతా అందులోనే ఉండిపోతారు, వాళ్ళని హార్డ్‌కోర్ ఆఫీసర్లు అంటారు. దోవల్ ఆ రకమే. 1968 బ్యాచ్ కేరళ కేడర్ (అంటే కేరళకి కేటాయించిన ఐపీఎస్), 1972లో ఐబీకి వెళ్ళాడు, 1988లో కీర్తి చక్ర వచ్చింది, పోలీసుల్లో ఆ సాహస పతకం అందుకున్న మొదటివాడు ఆయనే అంటారు. 1999లో మన విమానాన్ని కాందహార్‌కి హైజాక్ చేసినప్పుడు వెళ్ళి హైజాకర్లతో మాట్లాడినవాళ్ళలో ఒకడు. కానీ వీడియోల్లో చెప్పని ముక్క ఒకటుంది, అంత సర్వీస్ చేసి డైరెక్టర్‌గా ఉన్నది 2004 జులై నుంచి 2005 జనవరి దాకా, అంతే, ఏడాది కూడా కాదు. డేట్ ఆఫ్ బర్త్ లెక్కలో రిటైర్మెంట్ వచ్చేసింది. ఆ తర్వాత 2014 మేలో ఎన్ఎస్ఏ అయ్యేదాకా గవర్నమెంట్‌లో ఏ కుర్చీ లేదు, వివేకానంద ఫౌండేషన్ అని ఢిల్లీలో ఒక థింక్ ట్యాంక్ నడిపాడు. ఎవరికి ఎప్పుడు ఏ గవర్నమెంట్ వస్తుంది, ఎవరి రిటైర్మెంట్ ఏ నెలలో పడుతుంది అన్నదాని మీదే సగం కథ ఉంటుంది, ఇది మాత్రం ఏ కోచింగ్ సెంటరూ నేర్పదు.

తెలుగు లింక్ అడిగావు కదా. దోవల్ దిగాక ఆ కుర్చీలో కూర్చున్నది ఎవరో కాదు, మన గవర్నర్ నరసింహన్ గారే! ఆయనా 1968 బ్యాచే, ఆంధ్రప్రదేశ్ కేడర్. మధ్యలో మాస్కో ఎంబసీలో కూడా చేశారు. 2006 ఆఖరుకి రిటైర్ అయి, వెంటనే ఛత్తీస్‌గఢ్ గవర్నర్, 2009 డిసెంబర్‌లో తెలంగాణ ఉద్యమం పీక్‌లో ఉన్నప్పుడు మన దగ్గరికి పంపారు, 2019 దాకా ఉన్నారు. విభజన టైమ్‌లో రాష్ట్రపతి పాలన నడిపిందీ ఆయనే. గుళ్ళో దండం పెట్టుకుంటూ టీవీలో కనిపించే ఆ పెద్దాయన దేశం మొత్తం ఐబీకి బాస్‌గా చేసొచ్చాడని మా కాలనీలో సగం మందికి తెలీదు. ఎం.కె. నారాయణన్ కూడా అంతే, రెండుసార్లు ఐబీ డైరెక్టర్, 2005 నుంచి 2010 దాకా ఎన్ఎస్ఏ, తర్వాత బెంగాల్ గవర్నర్. కాబట్టి రిటైర్ అయ్యాక ఏంటి అంటే అతి కొద్దిమందికి రాజ్‌భవన్, ఇంకొందరికి థింక్ ట్యాంకులూ టీవీ డిబేట్లూ, మిగతా అందరికీ పెన్షనూ వాకింగూ.

ఇక కింద చేరితే. మా బాబాయి జిల్లాల్లోనే సర్వీసంతా చేశాడు. పొద్దున్నే స్కూటర్ వేసుకుని మార్కెట్ యార్డు, కోర్టు, కాలేజీ ధర్నా, యూనియన్ మీటింగు, ఎక్కడ నలుగురు పోగైతే అక్కడికి వెళ్ళి వెనకాల నిలబడి వినడం, టీ కొట్లో కబుర్లు, సాయంత్రం కూర్చుని ఇంగ్లీషులో రిపోర్ట్ రాయడం. గన్ లేదు, అసలు ఐబీ వాళ్ళకి ఎవర్నీ అరెస్ట్ చేసే పవరే లేదు, పట్టుకోవాల్సింది లోకల్ పోలీసే. పెళ్ళిచూపులప్పుడు అయితే పెద్ద గొడవ, అమ్మాయి తరఫు వాళ్ళు ఆఫీసు ఎక్కడ, బోర్డు ఏది, మేం వచ్చి చూసుకుంటాం అంటే ఈయన హోం మినిస్ట్రీ అని తప్ప ఇంకేం చెప్పడు, వాళ్ళకి డౌట్ వచ్చి ఆ సంబంధం తప్పిపోయింది కూడా. పిన్ని వాళ్ళ నాన్న సెంట్రల్ గవర్నమెంట్ ఉద్యోగి కాబట్టి అర్థం చేసుకున్నాడు.

పోస్టులు వరసగా చెప్తే సెక్యూరిటీ అసిస్టెంట్, జేఐఓ (జూనియర్ ఇంటెలిజెన్స్ ఆఫీసర్), ఏసీఐఓ (అసిస్టెంట్ సెంట్రల్ ఇంటెలిజెన్స్ ఆఫీసర్), డీసీఐఓ (డిప్యూటీ సెంట్రల్ ఇంటెలిజెన్స్ ఆఫీసర్), ఆ పైన అసిస్టెంట్ డైరెక్టర్, ఇంకా పైకి. ఏసీఐఓగా చేరినవాడు సర్వీసంతా లాగితే డీసీఐఓ దాకానో, అదృష్టం బాగుంటే ఇంకో మెట్టో. పైన జాయింట్ డైరెక్టర్ దగ్గర్నుంచి దాదాపు ఐపీఎస్ వాళ్ళదే. బాబాయికి ఆ కడుపుమంట రిటైర్ అయ్యేదాకా పోలేదు. గ్రౌండ్‌లో సోర్సుని, అంటే సమాచారం ఇచ్చేవాణ్ణి, తయారుచేసుకునేది మేము, ఢిల్లీలో ప్రజెంటేషన్ ఇచ్చేది వాళ్ళు అనేవాడు. యూనియన్ పెట్టుకుందామన్నా కుదరదు. 1980లో రా ఉద్యోగులు ఆందోళనకి దిగారు, ఆ తర్వాత 1985లో ఏకంగా చట్టమే తెచ్చారు, ఇంటెలిజెన్స్ సంస్థల్లో పనిచేసేవాళ్ళు సంఘాలు పెట్టకూడదు, పర్మిషన్ లేకుండా ప్రెస్‌తో మాట్లాడకూడదు అని.

గేట్_రాస్తున్నా:
పైన అన్న చెప్పింది కరెక్టే గానీ మరీ నిరుత్సాహపరిచేశారు 🙂 నేను ప్రిపేర్ అవుతున్నా కాబట్టి ఎగ్జామ్ వరకు చెప్తా. ఏసీఐఓ ఎగ్జిక్యూటివ్‌కి ఏ డిగ్రీ అయినా చాలు, వయసు 18 నుంచి 27, రిజర్వేషన్ ఉంటే సడలింపు ఉంటుంది. 2025 నోటిఫికేషన్‌లో 3717 పోస్టులు ఇచ్చారు. టైర్ 1 (మొదటి దశ పరీక్ష) గంటలో 100 ప్రశ్నలు, తప్పుకి పావు మార్కు కటింగ్, తర్వాత డిస్క్రిప్టివ్, ఆ తర్వాత ఇంటర్వ్యూ. బేసిక్ 44,900, దానిమీద డీఏ హెచ్‌ఆర్‌ఏ కాకుండా స్పెషల్ సెక్యూరిటీ అలవెన్స్ అని బేసిక్‌లో 20 శాతం అదనం, అంటే పీఓ జీతంతో పోల్చినా మీ నాన్నగారు మరీ తిట్టేంత తక్కువేం కాదు. మన వాళ్ళు పోయేది డిస్క్రిప్టివ్‌లోనే, టైర్ 1 లో దుమ్ము దులిపేసి ఇంగ్లీషులో ఎస్సే రాయమంటే చేతులెత్తేస్తారు, నా రూమ్మేట్‌కి అదే జరిగింది. పోస్టింగ్ దేశంలో ఎక్కడైనా వేస్తారు, అది ముందే ఫిక్స్ అయి అప్లై చెయ్యాలి.

నువ్వు ఈసీఈ కదా, నీకు ఇంకో దారి ఉంది చాలామందికి తెలీదు. గేట్ స్కోర్ మీద ఐబీలో ఏసీఐఓ టెక్ తీసుకుంటారు. అలాగే కేబినెట్ సెక్రటేరియట్ పేరుతో డిప్యూటీ ఫీల్డ్ ఆఫీసర్ టెక్నికల్ అని యాడ్ వస్తుంది, అదీ గేట్ స్కోరే. ఆ యాడ్ మొత్తం చదివినా రా అన్న మాట ఎక్కడా కనపడదు, అప్లికేషన్ కూడా లోధీ రోడ్ హెడ్ పోస్టాఫీసులో ఒక పోస్ట్ బ్యాగ్ నంబర్‌కి పంపమంటారు. రా కేబినెట్ సెక్రటేరియట్ కిందే కదా ఉండేది, మిగతాది నువ్వే అర్థం చేసుకో. కాబట్టి ఆ ఫ్లెక్సీ కోర్సుకి కట్టే డబ్బుల్తో గేట్ టెస్ట్ సిరీస్ కొనుక్కో.

కృష్ణలంక_పంతులు:
పాత_ఫైలు గారూ ఐబీ వరకు ఒప్పుకుంటాను గానీ రా కి కూడా అదే లెక్క అనుకుంటే పొరపాటండి. రా కి సొంత కేడర్ ఉంది, రీసెర్చ్ అండ్ అనాలిసిస్ సర్వీస్ అని. ఆ కేడర్ నుంచి వచ్చిన రాజిందర్ ఖన్నా 2014 నుంచి 2016 దాకా చీఫ్‌గా చేశారు, తర్వాత డిప్యూటీ ఎన్ఎస్ఏ, 2024లో అడిషనల్ ఎన్ఎస్ఏ. ఇంకా విచిత్రం విక్రమ్ సూద్ గారిది, ఆయన మొదట చేరింది పోస్టల్ సర్వీసులో! తపాలా శాఖ ఆఫీసరు రా లోకి వెళ్ళి చీఫ్ అయ్యి 2003లో రిటైర్ అయ్యారు. కాబట్టి ఐపీఎస్ రాకపోతే ఇక అయిపోయింది అని ఆ పిల్లాడికి చెప్పకండి. ఎన్ఎస్ఏ కుర్చీ అయితే మొదట పోలీసులది కానే కాదు, బ్రజేష్ మిశ్రా, జె.ఎన్. దీక్షిత్, శివశంకర్ మీనన్ ముగ్గురూ ఫారిన్ సర్వీసు వాళ్ళే. ఇప్పటిదాకా ఐదుగురిలో పోలీసులు ఇద్దరే.

అసలు ఈ లైన్‌లో చదవాల్సిన కెరీర్ దోవల్‌ది కాదు, కావ్‌ది అంటాను నేను. రామేశ్వర్ నాథ్ కావ్, బ్రిటిష్ టైమ్‌లోనే యూపీ పోలీసులో చేరి, స్వాతంత్ర్యం రాగానే ఐబీకి వచ్చాడు. 1955లో ఇండోనేషియాలో జరిగిన బాండుంగ్ ఆసియా-ఆఫ్రికా దేశాల సభకి చైనా వాళ్ళని తీసుకెళ్తున్న ఎయిర్ ఇండియా విమానం కశ్మీర్ ప్రిన్సెస్‌ని బాంబుతో కూల్చేస్తే ఆ దర్యాప్తుకి మన తరఫున వెళ్ళింది ఆయనే. తర్వాత ఘనా దేశానికి వెళ్ళి వాళ్ళ గూఢచార సంస్థ పెట్టడానికి సాయం చేశాడు. 1962 యుద్ధం తర్వాత విమానాలతో నిఘా పెట్టే ఏవియేషన్ రీసెర్చ్ సెంటర్ చూశాడు. 1968 సెప్టెంబర్ 21న ఐబీలోంచి విడదీసి రా పెట్టినప్పుడు మొదటి చీఫ్, మూడేళ్ళకే బంగ్లాదేశ్ యుద్ధం. 1977లో జనతా ప్రభుత్వం రాగానే వెళ్ళిపోయాడు, ఇందిర మళ్ళీ వచ్చాక సలహాదారుగా పిలిపించుకుంది. ఇంత చేసినవాడి ఫోటోలు వెతికినా చేతివేళ్ళ మీద లెక్కపెట్టేన్ని దొరకవు. ఇప్పుడు వీళ్ళ మీద రోజుకో రీల్.

పాత_ఫైలు:
పంతులు గారూ, సూద్ గారి సంగతి నిజమే, ఒప్పుకున్నా. కానీ సూద్ గారు, ఖన్నా గారు అని పేర్లు వేళ్ళ మీద చెప్తున్నాం చూడండి, అదే నా పాయింట్. 2019 నుంచి చూడండి, సామంత్ గోయల్ పంజాబ్ కేడర్ ఐపీఎస్, రవి సిన్హా ఛత్తీస్‌గఢ్ కేడర్ ఐపీఎస్, 2025 జులైలో వచ్చిన పరాగ్ జైన్ మళ్ళీ పంజాబ్ ఐపీఎస్. పైగా సూద్ గారిది కూడా యూపీఎస్సీ సర్వీసే కదా, పోస్ట్‌మ్యాన్‌గా చేరి చీఫ్ అవ్వలేదు.

డల్లాస్_బావ:
ఇక్కడ యూఎస్ సంగతి ఒక ముక్క, మనవాళ్ళ పిల్లలు కొందరు అడుగుతుంటారు. సీఐఏ వాళ్ళు ఓపెన్‌గా వెబ్‌సైట్‌లో జాబులు పెడతారు గానీ సిటిజన్‌షిప్ ఉండాల్సిందే, గ్రీన్ కార్డ్ పనికిరాదు. క్లియరెన్స్ ఫారంలో విదేశాల్లో ఉన్న చుట్టాలు, విదేశీ ప్రయాణాలు, అక్కడి ఆస్తులు అన్నీ రాయాలి. మనకి గుంటూరులో పెదనాన్న, ఊళ్ళో రెండెకరాలు, ఏటా సంక్రాంతికి ఇండియా ట్రిప్, ఇవన్నీ కూర్చుని రాస్తే ఫారం నవలంత అవుద్ది. టాప్ పోస్ట్ మాత్రం అక్కడ ప్రెసిడెంట్ ఇష్టం, జీనా హాస్పెల్ 1985లో చేరి లోపలే పెరిగి 2018లో డైరెక్టర్ అయింది, తర్వాత వచ్చిన బర్న్స్ అసలు డిప్లొమాట్.

ఖమ్మం_కుర్రాడు:
థాంక్యూ అందరికీ, ఇంత వివరంగా ఎవరూ చెప్పలేదు. ఇంకో రెండు డౌట్లు. ఎస్ఐబీ అంటే ఐబీయేనా? మా ఊళ్ళో ఒకాయన ఎస్ఐబీలో చేశాడంటారు. రిటైర్ అయ్యాక వీళ్ళు పుస్తకాలు రాస్తుంటారు కదా, దానికి రూల్స్ ఏమైనా ఉన్నాయా? సివిల్స్ రాస్తూ ఏసీఐఓ కూడా రాయొచ్చా?

పాత_ఫైలు:
ఎస్ఐబీలు రెండున్నాయి బాబూ, అందరూ కన్‌ఫ్యూజ్ అయ్యేది ఇక్కడే. ఐబీకి రాష్ట్రాల్లో ఉండే ఆఫీసుని సబ్సిడరీ ఇంటెలిజెన్స్ బ్యూరో అంటారు, అది సెంట్రల్. మన రాష్ట్ర పోలీసులో స్పెషల్ ఇంటెలిజెన్స్ బ్రాంచ్ వేరే, నక్సలైట్ల సమాచారం కోసం పెట్టినది, అది ఇచ్చే సమాచారం మీద గ్రేహౌండ్స్ (నక్సల్స్ మీదకి పంపే పోలీసు ప్రత్యేక దళం) అడవిలోకి వెళ్ళేవాళ్ళు. ఖమ్మం అంటున్నావు కాబట్టి మీ ఊరాయన బహుశా రెండోదే. అందులోకి పోలీసు నుంచే వెళ్తారు, బయటి నుంచి డైరెక్ట్‌గా కాదు.

పుస్తకాలు అంటే ఇదివరకటంత సులువు కాదు. 2021 మేలో పెన్షన్ రూల్స్ మార్చారు, ఇంటెలిజెన్స్ సంస్థల్లో చేసి రిటైర్ అయినవాళ్ళు తమ సంస్థ పని గురించి ఏది రాయాలన్నా ఆ సంస్థ హెడ్ దగ్గర ముందు పర్మిషన్ తీసుకోవాలి, లేకపోతే పెన్షన్‌కే ఎసరు. బాబాయిని మనవడు కథలు చెప్పు తాతా అంటే రామాయణం మొదలుపెడతాడు.

గేట్_రాస్తున్నా:
మూడోదానికి నేను చెప్తా. హ్యాపీగా రెండూ రాయొచ్చు. సివిల్స్‌కి జనరల్‌లో 32 ఏళ్ళ దాకా, ఆరు అటెంప్టులు. ఏసీఐఓ 27కే అయిపోద్ది కాబట్టి ముందు అది, గేట్ ఎలాగూ ఫిబ్రవరిలో ఉంటుంది, నువ్వు ఫైనల్ ఇయర్‌లోనే రాసెయ్. సర్వీసులో చేరాక కూడా పర్మిషన్ తీసుకుని సివిల్స్ రాసేవాళ్ళు ఉన్నారు, కాకపోతే పోస్టింగ్ ఏ బోర్డర్‌లోనో పడితే చదవడానికి టైమ్ ఎక్కడిది. ఏదైనా ఫారిన్ లాంగ్వేజ్ ఇప్పుడే మొదలెట్టు, హైదరాబాద్ ఇఫ్లూలో (భాషల యూనివర్సిటీ) చైనీస్, అరబిక్, పర్షియన్, రష్యన్ అన్నీ చెప్తారు, ఈ లైన్ రాకపోయినా ఎంబసీలకో కంపెనీలకో పనికొస్తుంది.

చాయ్_బిస్కెట్:
మీ నాన్నకి హోం మినిస్ట్రీలో సెంట్రల్ గవర్నమెంట్ జాబ్, క్వార్టర్స్ ఇస్తారు అని చెప్పి చూడు, గూఢచారి అన్న మాట ఎత్తకు. పీఓ ఫారం కూడా నింపెయ్, ఇంట్లో ప్రశాంతత కోసం.