వర్జీనియా వూల్ఫ్ నవలల్లో యుద్ధం ఎక్కడుంది?

కొత్త చదువరి:
ఇంగ్లీషు రచయిత్రి వర్జీనియా వూల్ఫ్ నవల మిసెస్ డాలోవే మొదలుపెట్టానండి. మొదటి ప్రపంచ యుద్ధం ఆవిడ రాతనే మార్చేసిందని అందరూ అంటే అదే ఊహించుకుని కూర్చున్నా, తీరా చూస్తే ఒకావిడ పూలు కొనడానికి వెళ్ళడం, సాయంత్రం పార్టీ, ఇవే. నాకు ఎక్కడం లేదా, లేక యుద్ధం తర్వాతెక్కడో వస్తుందా?

పాతపుస్తకం:
ఆపకండి ప్లీజ్. పూల షాపు బయట కారు ఢామ్మని చప్పుడు చేస్తుంది కదా, అక్కడ ఇంకోసారి చదవండి. జనమంతా లోపలున్నది రాణిగారా, ప్రధానమంత్రా అని చూస్తుంటే, యుద్ధం నుంచి తిరిగొచ్చిన సెప్టిమస్ ఒక్కడే అడుగు పడక నిలబడిపోతాడు. యుద్ధం ముగియబోతుండగా ఇటలీలో తన ఆఫీసర్ ఎవాన్స్ పోతే ఏమీ అనిపించలేదని గర్వపడ్డ మనిషి అతను, కథ జరిగేది 1923 జూన్‌లో, అప్పటికీ ఎవాన్స్ కనిపిస్తూనే ఉంటాడు, డాక్టరేమో నీకేం లేదు పొమ్మంటాడు. వూల్ఫ్ కూడా అలాంటి డాక్టర్ల చేతిలో పడ్డావిడే, అందుకే ఆ పేజీల్లో అంత కోపం. నవీన్ నవల అంపశయ్య చదివుంటే ఈ ఒక్కరోజు కథ పద్ధతి మీకు తొందరగానే అలవాటైపోతుంది.

గోదారిగట్టు:
దీని తర్వాత టూ ద లైట్‌హౌస్ (1927) చదవండి. మధ్య భాగంలో ఖాళీ ఇల్లు, దుమ్ము, వేలాడే శాలువా గురించి పేజీలకి పేజీలు ఉంటాయి, ఫ్రాన్స్‌లో షెల్ పేలి ఆ ఇంటి కొడుకు ఆండ్రూ చనిపోయిన సంగతి మాత్రం స్క్వేర్ బ్రాకెట్లో రెండు ముక్కలు. మొదటిసారి నాకు అర్థంకాలేదు. మా తాతగారు 1942లో బర్మా మీద జపాన్ దాడి చేసినప్పుడు రంగూన్ నుంచి నడిచొచ్చినాయన, దాని గురించి ఎప్పుడడిగినా "కాళ్ళు బాగా వాచాయిరా" అని ఊరుకునేవారు. ఆ బ్రాకెట్ చూస్తే ఆయన గొంతే వినపడుతుంది నాకు.

పాతపుస్తకం:
అద్భుతంగా చెప్పారు. రెండో ప్రపంచ యుద్ధం కూడా వూల్ఫ్ గడపలోకే వచ్చింది. అంతకుముందే 1937లో అక్క కొడుకు జూలియన్ స్పెయిన్ అంతర్యుద్ధంలో అంబులెన్స్ నడుపుతూ చనిపోయాడు, 1940లో లండన్ ఇల్లు బాంబులకి దెబ్బతింటే వెళ్ళి ఆ దుమ్ములోంచి డైరీలు ఏరి తెచ్చుకున్నారు. భర్త లెనార్డ్ యూదుడు, హిట్లర్ సైన్యం దిగితే ఇద్దరం కలిసే పోదామని అనుకున్నారంటే ఎంత భయంలో బతికారో చూడండి. 1941 మార్చి 28న ఔజ్ నదిలో ప్రాణం తీసుకున్నారు. అంతా యుద్ధం వల్లేనంటే నేనొప్పుకోను, తల్లి పోయిన పదమూడో ఏటి నుంచీ ఆవిడకి మానసిక జబ్బు ఉంది.

కొత్త చదువరి:
థాంక్యూ అండి. కారు చప్పుడు దగ్గరికి వెనక్కెళ్ళా. సెప్టిమస్ పక్కన భార్య లుక్రేజియా ఉంది, పదండి పదండి అని బతిమాలుతోంది, మొదటిసారి ఆ పిల్లని అసలు గమనించనేలేదు నేను.