ఇన్వర్టర్ బ్యాటరీ: ఒక్క సెల్‌లోనే గ్రావిటీ తక్కువ. మొత్తం మార్చాల్సిందేనా?

ప్రశ్న:
12 వోల్టుల 150 ఏహెచ్ (ఆంపియర్-అవర్, అంటే కెపాసిటీ) ట్యూబులర్ రకం బ్యాటరీ, నాలుగేళ్లయింది. మూడు ఫ్యాన్లు, రెండు లైట్లకు నాలుగు గంటలు వచ్చేది, ఇప్పుడు అరగంటకే బీప్ కొట్టి ఆగిపోతోంది. ఆరు సెల్‌ల గ్రావిటీ, అంటే యాసిడ్ చిక్కదనం, హైడ్రోమీటర్‌తో కొలిస్తే వరసగా 1.235, 1.240, 1.235, 1.150, 1.240, 1.235. లోడ్ లేకుండా మీటర్ 12.4 చూపిస్తోంది, బాగానే ఉన్నట్టేగా? నాలుగో సెల్‌లో కాస్త యాసిడ్ పోస్తే సరిపోతుందా?

జవాబు 1:
ఆ 12.4 చూసి మోసపోకండి. గ్రావిటీకి 0.84 కలిపితే సుమారుగా ఆ సెల్ వోల్టేజీ వస్తుంది. మీ ఆరూ కూడి చూడండి, సరిగ్గా అంతే. ట్యూబులర్ నిండా చార్జ్ అయి నాలుగైదు గంటలు ఊరుకున్నాక 12.5 దగ్గరే ఉంటుంది. 12.7 అనేది 1.280 యాసిడ్ ఉండే కారు బ్యాటరీల లెక్క.

అసలు సంగతి లోడ్ పెట్టాక తెలుస్తుంది. కరెంటు స్విచ్ ఆపి, ఫ్యాన్లన్నీ వేసి, బ్యాటరీ టెర్మినళ్ల దగ్గరే కొలవండి. మంచిదైతే పది నిమిషాల తర్వాత కూడా 12 దరిదాపుల్లో నిలుస్తుంది. ఒక సెల్ చేతులెత్తేస్తే మిగతా ఐదూ కలిసి 10 చిల్లరే ఇస్తాయి, ఇన్వర్టర్ 10.5 దగ్గర కట్ చేస్తుంది. మీ అరగంట కథ ఇదే.

తేల్చేసే ముందు ఒకటి: నీళ్లు పోసిన వెంటనే కొలిచారా? పైన నీళ్లే తేలి గ్రావిటీ తక్కువ చూపిస్తుంది. 12 గంటలు చార్జ్ పెట్టి మళ్లీ చూడండి.

జవాబు 2:
యాసిడ్ మాత్రం వద్దు. సెల్‌లోని యాసిడ్ ఎక్కడికీ పోలేదు, సల్ఫేటై ప్లేట్లకు అంటుకుంది. పైనుంచి పోస్తే హైడ్రోమీటర్ సంతోషిస్తుంది, కెపాసిటీ రాదు. ప్లేట్లు ఇంకా త్వరగా పాడవుతాయి. పోయాల్సింది డిస్టిల్డ్ వాటరే. ఏసీ నీళ్లు, ఆర్‌ఓ నీళ్లు కూడా వద్దు.

ప్రశ్న అడిగినవారు:
12 గంటల చార్జ్ తర్వాత నాలుగోది 1.155. లోడ్ మీద ఐదు నిమిషాలకే 10.8.

జవాబు 1:
ఆ సెల్ అయిపోయిందండీ, బ్యాటరీ మొత్తం మార్చేయండి. మెయిన్స్, ఇన్వర్టర్ రెండూ ఆపి ముందు నెగటివ్ తీయండి, తర్వాత పాజిటివ్. బిగించేటప్పుడు పాజిటివ్ ముందు. స్పానర్ పిడికి ఇన్సులేషన్ టేపు చుట్టండి, అక్కడ హైడ్రోజన్ ఉంటుంది, మంట దగ్గరికి రానివ్వొద్దు. వైర్లు తిరగేస్తే ఫ్యూజో, ఇన్వర్టర్‌లోని మాస్ఫెట్లో (పవర్ ట్రాన్సిస్టర్లు) పోతాయి. 50 కిలోల పైమాటే, ఇద్దరు పట్టాలి. టెర్మినళ్లకు వాజెలిన్ రాయండి, గ్రీజు కాదు. పాత బ్యాటరీ దుకాణానికే ఇస్తే సీసం లెక్కన కొత్తదాని ధర తగ్గిస్తారు, యాసిడ్ కాలవలో పారబోయకండి. ఇన్వర్టర్ వెనక బ్యాటరీ రకం స్విచ్ ఉంటే ట్యూబులర్ మీదే ఉందో లేదో చూడండి.