ఆరో తరగతి బాబుకి వాడి స్థాయి నుంచి లెక్కలు నేర్పేదెలా?

నమస్కారమండీ. ఉప్పల్‌లో ఉంటాం. మా బాబు ఆరో తరగతి, స్టేట్ సిలబస్. 1/2కి 1/3 కలపమంటే పైవి పైవి, కిందివి కిందివి కూడి 2/5 రాస్తాడు. సగానికి ఇంకొంచెం కలిపితే సగంకన్నా తగ్గుతుందా నాన్నా అని చపాతీ తుంచి చూపించాను. అర్థమైందన్నాడు, మర్నాడు మళ్లీ అదే తప్పు. ట్యూషన్‌లో అందరికీ ఒకటే వర్క్‌షీట్. పుస్తకంలోని క్యూఆర్ కోడ్‌తో దీక్షా యాప్‌లో పాఠాలు చూపిస్తున్నాను, కానీ వాడెక్కడ తడబడుతున్నాడో వీడియో చెప్పదు కదా.

తరగతిని బట్టి కాకుండా, పిల్లల స్థాయిని బట్టి గుంపులు చేసి నేర్పే ప్రథమ్ సంస్థ పద్ధతి గురించి చదివాను. ఇంట్లో అలా ఎక్కణ్ణుంచి మొదలుపెట్టాలి? ఏ లెక్కలిస్తే అసలు లోటు బయటపడుతుంది? హబ్సిగూడ వైపు ఒక్కొక్కరినీ విడిగా చూసే టీచర్ ఎవరైనా ఉన్నారా? లెక్కల పీరియడ్ ఉన్న రోజు కడుపునొప్పి అంటున్నాడు, అదే నా టెన్షన్.