ద్రాక్ష మొక్కల వేళ్లు తినేస్తున్న తెల్ల పురుగు, ఏం చేయాలి?

ప్రశ్న (కల్వకుర్తి రైతు): మాది ఎర్ర చల్కా నేల. ఫిబ్రవరిలో డాగ్‌రిడ్జ్ వేరు మొక్కలు నాటాం, త్వరలో వాటి మీద మంచి ద్రాక్ష రకం అంటు కట్టాలి. వానలు పడ్డాక అక్కడక్కడా మొక్కలు వాడిపోతున్నాయి. డ్రిప్ నీళ్లు బాగానే అందుతున్నాయి. పట్టి లాగితే మొక్క చేతికొచ్చేస్తోంది, కింద వేళ్లు లేవు. మట్టిలో లావుపాటి తెల్ల పురుగులు దొరికాయి. చెదలా? డాగ్‌రిడ్జ్ అన్నిటినీ తట్టుకుంటుందన్నారు. చాలా టెన్షన్‌గా ఉంది.

జవాబు (దేవరకొండ నుంచి): చెదలు కావన్నా, వేరు పురుగు. చెదలైతే కాండం మీద, ఊత కర్రల మీద మట్టి పూత కనిపిస్తుంది. వేరు పురుగు తల గోధుమ రంగులో ఉంటుంది, ఒళ్లు కొడవలిలా వంగి ఉంటుంది. డాగ్‌రిడ్జ్ తట్టుకునేది నీటి ఎద్దడినీ, చౌడునూ, వేళ్లకు పట్టే సన్నటి నులిపురుగులనూ. వేరు పురుగుకు ఏ వేరైనా ఒకటే.

వాడిన మొక్క చుట్టూ తవ్వి పురుగులు ఏరి చంపండి. పక్క పాదులు కూడా చూడండి, ఒక మొక్క వేళ్లు అయిపోతే పక్కదానికి పోతుంది. తర్వాత మెటారైజియం వేయండి. అది పురుగుకు జబ్బు తెప్పించే శిలీంద్రం. బాగా చివికిన పశువుల ఎరువులో కలిపి, నీడలో తడి ఆరకుండా కొన్నాళ్లు ఉంచి, వేళ్ల దగ్గర వేసి మట్టి కప్పండి. నేల తడిగా ఉంటేనే పని చేస్తుంది. ఆ రోజుల్లో తెగుళ్ల మందు పాదుల్లో పోయకండి, ఈ శిలీంద్రం కూడా చస్తుంది. పురుగు వెంటనే చావదు, ఓపిక పట్టాలి. పచ్చి పేడ మాత్రం పొలంలోకి రానివ్వకండి, ఈ పురుగు అందులో బాగా పెరుగుతుంది.

కల్వకుర్తి రైతు: గట్టు మీద వేప చెట్లున్నాయి. తొలి వాన పడ్డాక ఆకులన్నీ కొరికేసి ఉన్నాయి. దానికీ దీనికీ సంబంధం ఉందా అన్నా?

దేవరకొండ నుంచి: అసలు సంగతి అదే! తొలి వానకు పెంకు పురుగులు మట్టిలోంచి లేచి, రాత్రంతా వేప, తుమ్మ ఆకులు తిని, తెల్లారేలోపు మళ్లీ మట్టిలోకి పోయి గుడ్లు పెడతాయి. మీ వేళ్లు తింటున్నవి వాటి పిల్లలే. ఏడాదికి ఒక్క తరమే కాబట్టి వచ్చే మృగశిర వానలకు సిద్ధంగా ఉండండి. చీకటి పడ్డాక చెట్ల కింద పరదా పరిచి కొమ్మలు దులిపి, రాలినవన్నీ కిరోసిన్ నీళ్లలో వేయండి. చుట్టుపక్కల రైతులందరూ అదే వారంలో చేయాలి, మీరొక్కరే చేస్తే పక్క పొలంలోంచి వస్తాయి.

అచ్చంపేట నుంచి: రసాయన మందు పోయాలనుకుంటే లేబుల్ మీద ద్రాక్ష పేరు ఉందో లేదో చూసి, ఉద్యాన అధికారిని అడిగాకే పోయండి. వేళ్లు దెబ్బతిన్న మొక్కలకు ఇప్పుడే అంటు కట్టకండి. కొత్త చిగురు గట్టిగా వచ్చినవాటికే కట్టండి, మిగతా చోట్ల పురుగు తగ్గాక కొత్త మొక్క నాటుకోండి.