అప్‌డేట్: మంట లేకుండానే తెరుచుకున్న స్ప్రింక్లర్, కారణం తెలిసింది

కర్నూలులో మా బట్టల షాపు పై అంతస్తులో, రేకులకీ ఫాల్స్ సీలింగ్‌కీ మధ్య ఉన్న మంటలార్పే స్ప్రింక్లర్ మే నెల ఎండకి దానంతట అదే నీళ్లు చిమ్మిందని అడిగాను కదా. దానిలో నీళ్లని ఆపి ఉంచే గాజు బల్బు (వేడికి పగిలితే నీళ్లు వస్తాయి) రంగు చూడమన్నవాళ్లకి చాలా థ్యాంక్స్. అసలు విషయం అక్కడే ఉంది.

టెక్నీషియన్ వచ్చి చూశారు. పైనవన్నీ ఎర్ర బల్బులే, అంటే 68 డిగ్రీలకి పగిలేవి. గాలి ఆడని రేకుల కింద అవి పెట్టకూడదట. 93 డిగ్రీల ఆకుపచ్చవి వేయించాం. సీలింగ్ కింద, ఏసీ ఉన్న చోట ఎర్రవే ఉంచాం.

పంపు ప్రెషర్‌కీ, స్మోక్ డిటెక్టర్‌కీ దీనితో సంబంధమే లేదు. పైన స్ప్రింక్లర్లకి నీళ్లు వెళ్లే వాల్వ్ కట్టేయమని ఇద్దరు ముగ్గురు అన్నారు, దయచేసి ఆ పని చేయకండి. వైరింగంతా ఉండేది అక్కడే, మంట అంటుకుంటే ఆర్పడానికి నీళ్లు రావు.