పసొలినీ చివరి పాదం: 'లేని'యా, 'కాని'యా?

పెద్దలకు నమస్కారం. 'నేను గతానికి చెందిన ఒక శక్తిని' అని మొదలయ్యే, ఇటాలియన్ కవీ సినీదర్శకుడూ అయిన పసొలినీ కవిత కొన్నాళ్లుగా నన్ను వదలడం లేదు. 1963 నాటి ఆయన చిత్రం 'లా రికొత్తా'లో నటుడు ఆర్సన్ వెల్స్ విలేఖరికి చదివి వినిపించేది అదే. దాని చివరి పాదం తెలుగులో 'ఇక లేని తమ్ముళ్లను వెతుకుతూ' అని ఉండాలా, 'ఇక తమ్ముళ్లు కానివారిని' అని ఉండాలా?

— వెల్స్ వినిపించాడనడం సగమే నిజం. తెర మీద మనిషి ఆయనే గానీ, ఆ ఇటాలియన్ డబ్బింగ్ గొంతు నవలాకారుడు జోర్జో బస్సానీది. ఇక మూలం 'ఫ్రతెల్లి కె నోన్ సోనో ప్యూ'. 'ఫ్రతెల్లి' అంటే సోదరులు, 'నోన్ ... ప్యూ' అంటే 'ఇక లేదు/కాదు'. ఉండడానికీ కావడానికీ అక్కడ ఒకే క్రియ గనుక ఈ చిక్కు వచ్చింది. 'కాని' అనే అర్థమే ఉద్దేశమైతే సాధారణంగా 'నోన్ లో సోనో' అని 'లో' చేరుతుంది. కనుక 'లేని' అన్నదే సాధువు. నా అభ్యంతరమల్లా 'తమ్ముళ్ల' మీద: ఫ్రతెల్లిలో పెద్దాచిన్నా తేడా లేదు.

— తేడా లేకపోయినా 'తమ్ముళ్లు' అనే అనాలండీ. పసొలినీ తమ్ముడు గ్విదో పార్టిజాన్‌గా, అంటే ఫాసిస్టు వ్యతిరేక గెరిల్లాగా పోరాడుతూ 1945 ఫిబ్రవరిలో, పోర్జూస్ ఘటనలో, కమ్యూనిస్టు పార్టిజాన్ల చేతిలోనే హతుడయ్యాడు. అయినా పసొలినీ ఆ పార్టీలోనే చేరాడు, 1949లో దాని నుంచే బహిష్కృతుడయ్యాడు. ఇంతటి గాయాన్ని 'సోదరులు' అనే సభామర్యాద మాట మోయగలదా?

— జీవితచరిత్రను పాదంలోకి బలవంతంగా దించకండి. అపెన్నైన్ కొండల్లో పాడుబడిన పల్లెల్లో బతికిన సోదరుల గురించి ఆ కవితే పైన చెప్పింది. వాళ్లు చచ్చిపోలేదు, మారిపోయారు. అందుకే నా ఓటు 'కాని'కి. మిణుగురులు మాయమయ్యాయంటూ 1975లో ఆయన రాసిన వ్యాసం చదివినవారికి ఈ సంగతి వేరే చెప్పనక్కరలేదు.

— 1975 నాటి వ్యాసంతో 1962 నాటి కవితకు అర్థం చెబుతారా మాస్టారూ! వెనక్కి చూడాలంటే 1942లో ఫ్రియులాన్ అనే ప్రాంతీయ భాషలో వచ్చిన తొలి పుస్తకం చూడండి. తల్లి ఊరైన కసార్సా మీద ఎంత బెంగ! ఆ తల్లి సుసన్నాయే 1964 నాటి మత్తయి సువార్త చిత్రంలో వృద్ధ మరియగా, శిలువ కింద కుప్పకూలుతుంది. దర్శకుడిగా ఆయన చేసిన వివాదాలన్నిటికన్నా నాకు ఆ కవే ముఖ్యం.

— కవినీ వివాదాన్నీ విడదీయలేమండీ. ఈ కవిత వినిపించే 'లా రికొత్తా'యే మతాన్ని అవమానించిందని ఆయనకు నాలుగు నెలల శిక్ష తెచ్చింది. అది తర్వాత అప్పీలులో పోయింది. అందులో క్రీస్తు శిలువ ఘట్టం చిత్రీకరణలో దొంగ వేషం వేసిన స్త్రాచ్చి, అంటే గుడ్డపేలికలు, ఆకలికి జున్ను అతిగా తిని శిలువ మీదే చనిపోతాడు. తెలుగులో 'లేనివాళ్లు' అంటే బీదవాళ్లు కూడా కదా. మూలంలో లేని ఈ శ్లేష మన భాషలో ఉచితంగా దొరుకుతుంటే ఎందుకు వదులుకోవాలి?

— దొరకదు. ముందున్న 'ఇక' ఆ శ్లేషను చంపేస్తుంది. 'ఇక లేని' అంటే పోయినవాళ్లే.

— అయితే 'ఇక' తీసేయండి.

— తీసేస్తే 'ప్యూ' ఎక్కడికి పోతుంది?