విషం చేయని బూజును వేరుశనగ పొలంలో చల్లడం మనకు తగునా?

ధర్మవరం వాసి (బసవనగుడి, బెంగళూరు):
ఇక్కడి వేరుశనగ జాతర కడలేకాయి పరిషె చూడడానికి ఊరి నుంచి వచ్చిన మా అన్నయ్య, బూజు వల్ల పుట్టే అఫ్లాటాక్సిన్ అనే విషం ఎక్కువగా ఉందని తన సరుకును కొనుగోలుదారు వెనక్కి పంపిన సంగతి చెప్పి బాధపడ్డారు. కాయలు బాగా ఆరబెట్టానని, ఒక్క చినుకు కూడా పడనివ్వలేదని ఆయన అన్నారు. ఆ మాట నేను నమ్ముతున్నాను. ఎందుకంటే ఈ విషం కళ్ళంలోనే పుట్టాలని లేదు. పంట చివరి మూడు నాలుగు వారాల్లో వాన మొహం చాటేసి నేల వేడెక్కితే, గింజలో తేమ తగ్గి, బూజును ఎదిరించే రసాయనాలను తయారుచేసుకునే శక్తి దానికి పోతుంది; సరిగ్గా ఆ ఎండకూ ఆ వేడికీ ఆ విషాన్ని చేసే ఆస్పర్జిల్లస్ ఫ్లేవస్ అనే బూజు బలపడి, మట్టిలో ఉన్న కాయలోకే చొరబడుతుంది. అనంతపురం జిల్లాలో ఇది ఏ ఏడాదైనా జరగగలదు.

అమెరికాలోనూ నైజీరియాలోనూ దీనికి ఒక ఉపాయం వాడుకలో ఉంది. ఫ్లేవస్‌లోనే అఫ్లాటాక్సిన్ చేయలేని సహజ రకాలను ఏరి, మొలకెత్తకుండా వేయించిన జొన్న గింజలకు పట్టించి, పూతకు రెండు మూడు వారాల ముందు పొలంలో చల్లుతారు. నైజీరియాలో అఫ్లాసేఫ్ పేరుతో వాడే ఇలాంటి గింజల మోతాదు ఎకరాకు నాలుగు కిలోలు. విషపు రకాల కన్నా ముందే ఇవి చోటు ఆక్రమించుకుంటాయి. మన నేలల్లో దొరికే రకాలతోనే ఈ పని మొదలుపెట్టాలని నా అభిప్రాయం. మీరేమంటారు?

సూక్ష్మజీవి విద్యార్థిని (యలహంక):
మీ అన్నగారి కష్టం అర్థమవుతోందండీ. అయినా నాకు మూడు అభ్యంతరాలు ఉన్నాయి, వాటిలో చివరిదే నన్ను ఎక్కువగా కలవరపెడుతోంది.

విషం చేయని రకం అనడంలోనే కొంత పొరపాటుంది. అమెరికాలో పత్తికి అనుమతి పొందిన ఏఎఫ్ 36 అనే రకం అఫ్లాటాక్సిన్ చేయదు గానీ, సైక్లోపియాజోనిక్ ఆమ్లమనే మరో విషాన్ని చేస్తుంది. జన్యువుల్లో ఆ భాగం కూడా లేని రకాలు వేరే ఉన్నాయి, కాబట్టి ఏరిక సరిగా ఉండాలి. ఇక ఫ్లేవస్‌కు లైంగిక దశ ఉందని 2009లో తేలింది. అంటే మనం చల్లిన రకం పొలంలోని విషపు రకంతో కలిసి జన్యువులు మార్చుకునే అవకాశం ఉంది.

మూడోది మన దేశపు విషయం. ఇక్కడ ఆస్పర్జిల్లస్ వల్ల వచ్చే కంటి నల్లగుడ్డు పుండ్లకూ, సైనస్ జబ్బులకూ ప్రధాన కారణం ఈ ఫ్లేవసే. కోతల కాలంలో కంట్లో ఆకో దుమ్మో పడి చూపు పోగొట్టుకునేది ఎక్కువగా పొలం పనివారే. అఫ్లాటాక్సిన్ చేయలేనంత మాత్రాన ఆ రకం కంటికి హాని చేయదని ఎలా అనుకోగలం? పరదేశపు ఫలితాలను చూసి, మన కూలీల కళ్ళను లెక్కలోకి తీసుకోకుండా అనుమతి ఇవ్వడం నాకు ఏమాత్రం సమ్మతం కాదు.

మండీ అనుభవజ్ఞుడు (యశవంతపుర):
ఇద్దరూ పొలంలోనే ఆగిపోయారు. 1974లో రాజస్థాన్, గుజరాత్ గిరిజన గ్రామాల్లో 106 మంది చనిపోయింది అకాల వర్షానికి తడిసి ఈ బూజు పట్టిన మొక్కజొన్న తిని. నూర్పిడి తర్వాత తేమ ఎనిమిది శాతానికి దించడం, పగిలిన కాయలనూ ముడతపడ్డ గింజలనూ ఏరేయడం ఖర్చు తక్కువ పనులు. కొత్త బూజు గురించి వాదించే ముందు, ఏరేసిన ఆ గింజలు ఎక్కడికి పోతున్నాయో ఎవరైనా పరిశోధిస్తే బాగుంటుంది. అవి నూనెకు పోయాయంటే విషంలో ఎక్కువ భాగం నూనె తీయగా మిగిలిన చెక్కలో ఉండిపోతుంది, ఆ చెక్క పశువు తింటే మార్పు చెందిన రూపంలో పాలలోకి వస్తుంది.

ధర్మవరం వాసి:
పెద్దవారి మాట కాదనను, కానీ ఆరబెట్టడం వల్ల పొలంలోనే చేరిన విషం తగ్గదు. మా అన్నయ్య విషయంలో జరిగింది అదే. ఏరివేత అవసరమే. అయితే పైకి మచ్చలేకుండా కనిపించే గింజలోనూ విషం ఉండవచ్చు.

విద్యార్థిని గారు చెప్పిన కంటి సంగతి మాత్రం నేను ఆలోచించలేదు, ఒప్పుకుంటున్నాను. ఆ బూజు ఇప్పటికే మన దుమ్ములో ఉంది కదా, చల్లితే కొత్తగా వచ్చే ముప్పేమిటని మొదట అనిపించింది. కానీ చల్లిన కొన్ని వారాల పాటు గాలిలో బూజు బీజాలు పెరుగుతాయా, పెరిగితే ఎంత అన్నది ఇక్కడి పొలాల్లోనే కొలవవలసిన విషయం. కనుక నా కోరికను మారుస్తున్నాను: ప్రయోగ క్షేత్రాల్లో కాయలోని విషంతో పాటు గాలిలోని బీజాలనూ లెక్కించాలి, పనివారికి కళ్ళద్దాలు ఇవ్వాలి, దగ్గరలోని కంటి వైద్యులు చూసిన పుండ్ల నమూనాలలో చల్లిన రకం ఉందో లేదో జన్యు పరీక్షతో తేల్చాలి. ఈ మూడూ లేని ప్రయోగానికి మా పొలం ఇవ్వవద్దని అన్నయ్యకు చెబుతాను.

సూక్ష్మజీవి విద్యార్థిని:
ఆ షరతులతో అయితే నేను వ్యతిరేకించను. ఒకటి కలపండి: ప్రయోగం ముగిశాక మరో రెండు పంటల పాటు అదే నేలలో మట్టి నమూనాలు తీయాలి, లేకపోతే ఆ రకాలు కలిశాయో లేదో తెలియదు.